పండ్లు రానోడు

నాకంటె ముందు ఒకడుండె.
తొమ్మిది నెలలు లోపల, తొమ్మిది నెలలు బయట.
సగానికి సగం అని అమ్మ లెక్క చెప్తది,
ఎవరికో బాకీ తీర్చినట్టు.

మర్రిగూడ దిక్కు మాది బోరునీళ్ల ఊరు.
తాగినోళ్ల పండ్లు గారవడతయి,
నలభైకే నడుము వంగుతది.
మా ఇంట్ల గార లేని నోటితోని పోయింది వాడొక్కడే,
పండ్లే రాలేదు మరి.

పండ్లు రాని పోరనికి కట్టె పెట్టొద్దన్నరు.
దినాలు లేవు, పిండం లేదు,
కాకిని పిలిచే పని లేదన్నరు.
నాయిన ఒక్కడే భుజానేసుకొని వాగొడ్డుకు పోయిండట,
నిద్రల ఉన్నోన్ని మంచం మార్చనీకి పోయినట్టు మెల్లగ.
మోకాలిలోతు గుంత, దోసెడు ఉప్పు,
కుక్కలు తవ్వకుంట మీద తుమ్మకంప.
వాపసొచ్చినంక గూడ
నాయిన ఎడమచెయ్యి చానసేపు వంగే ఉండెనట.

అమ్మ అడిగింది ఒక్కటే.
వైతరణి దాటాలంటె ఆవుతోక పట్టుకోవాలె గద,
వాడు పట్టుకుంటడా?
చిన్నపిల్లలకు పాపముండదమ్మా, ఏ ఏరూ అడ్డం రాదు
అన్నడు అయ్యగారు, పంచాంగం మూసి.
పాపం ముచ్చట కాదయ్యా,
నేను అడిగేది పిడికిలి ముచ్చట.
నా పుస్తెలతాడు పట్టిండంటె ఇద్దరు కలిసినా ఇడిపియ్యకపోతుండె.
పట్టుంది వానికి.
గని తోక చేతికి అందియ్యనీకి ఆడ ఎవరున్నరు?

నాంపల్లి నుంచి వచ్చే పాస్టరు దేవసహాయం
పరలోకం పిల్లలదేనమ్మా అని గట్టిగ మొదలువెట్టి
బాప్తిస్మం కాడికొచ్చేసరికి
దగ్గు తెచ్చుకొని నీళ్లడిగిండు.

దూది ఏకే సైదాబీ మాత్రం
చేతుల పని ఆపకుంటనే చెప్పింది.
పిల్లలు సొర్గం దర్వాజ కాడ మొండికేస్తరంట,
అమ్మ రానిది మేం లోపలికి రామని.
ఆఖరికి బొడ్డుతాడుతోనే తల్లిని గుంజుకపోతరంట.
మొండోడే వాడు, అన్నదట అమ్మ.
ఆ రాత్రి కడుపు మీద చెయ్యేసుకొని
మొదటిసారి నిద్రపోయిందట.

అవ్వకు మాత్రం సొర్గం మీద నమ్మకం తక్కువ.
మూట కట్టేముందు వాని ఎడమ మడిమెకు మసి రాసింది,
మళ్ల వస్తె గుర్తువట్టనీకి.

ఏడాదిన్నరకు నేను పుట్టిన.
పుట్టంగనే పెంటకుప్ప మీద పండవెట్టి
చాటెడు తవుడుకు కొనుక్కున్నరు,
సావుకు నా మీద కన్ను పడకుంట.
పెంటమ్మ అన్నరు.
మచ్చ ఉంది, గని కుడి మడిమెకు.
అవ్వ రెండొద్దులు ఆలోచన చేసి తేల్చింది.
పోయేటప్పుడు అటు మొకం, వచ్చేటప్పుడు ఇటు మొకం,
కుడి ఎడమలు మారవా?
నాకు పెండ్లయ్యేదాక అమ్మ
ఆ ఒక్క మడిమెనే రెండుసార్లు రుద్ది కడిగింది.

ఇప్పుడు దేవరకొండ దవాఖానల రాత్రి డ్యూటీ చేస్త.
పేరు పెట్టక ముందే పోయినోళ్లకు
పేరు గడిల తల్లి పేరు రాస్త,
వయసు గంటలల్ల రాస్త.
సిస్టర్, యాడికి వోతరు వీళ్లు? అని
మొన్నొక తండా పిల్ల నా కొంగు పట్టుకుంది.
నోట్లె సైదాబీ మాటే మెదిలింది, బయటికి రాలేదు.
బూటుల కుడికాలు దురదపెట్టింది.

ఇంటికొచ్చి అమ్మను అడిగిన.
వాడు సొర్గంల ఉంటె నేనెవర్ని?
నేనే వాడైతె ఆడ ఎవరున్నరు?
అమ్మ బియ్యంల రాళ్లేరుకుంట
నీకు తెలిసి ఏం జేస్తవు, అన్నది.

పెత్రమాస నాడు అందరి ఇస్తార్లు అయినంక
గోడ మీద ఇంకొకటి పెడతది, చిన్నది.
పెట్టొద్దన్న పెద్దలందరు పోయిండ్రు.
కారం ఉండదు, పాలు, అన్నం, ఇంత బెల్లం.
వాడుంటె ముప్పై ఆరేండ్లు.
ఇయ్యాల్టికీ వేళ్ల మధ్యల మెతుకు మెతుకు
మెత్తగ పిసుకుతది.